గురువుకు చోటులేని విమానం



సైకిలు నేర్చుకునేటప్పుడు వెనక సీటు పట్టుకుని అన్నయ్యో, మామయ్యో పరుగెత్తుతాడు. చెరువులో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు సొరకాయబుర్ర కట్టి, పక్కనే ఒక పెద్దవాడు నిలబడతాడు. ఎడ్లబండి తోలడం నేర్చుకునేవాడి పక్కన నాన్న కూర్చుంటాడు. ఏ విద్యకైనా మొదటి రోజున పక్కన ఒకరు ఉండాలి గదా!

మరి, పక్కన కూర్చునేందుకు చోటే లేని బండి ఒకటి ఉంటే? అది నేలమీద గాక ఆకాశంలో పోయేదైతే? దాన్ని నేర్చుకోవడం ఎలాగ?

అటువంటిదే స్పిట్‌ఫైర్ అనే పాతకాలపు యుద్ధవిమానం. ఇంగ్లండులో పుట్టింది. 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరింది. దానికి 12 సిలిండర్ల మెర్లిన్ ఇంజను, సుమారు వెయ్యి గుర్రాల బలం. మొదటి రకమే గంటకు 580 కిలోమీటర్ల దాకా పోగలిగేది. రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకు 11 మీటర్ల పైచిలుకు. అన్ని రకాలూ కలిపి 20,000కు పైగా తయారు చేశారు. ఇంత యంత్రంలోనూ మనిషి కూర్చునే చోటు మాత్రం ఒక్కటే! రెండు ఆసనాల స్పిట్‌ఫైర్‌లు కొన్నిటిని కర్మాగారంలో చేశారు గాని, అది యుద్ధం ముగిసిన తరవాత మాట.

ఇదంతా ఎక్కడో సీమ కబురు అనుకోకండి. రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్‌లు నడిపిన 152వ దళానికి ‘హైదరాబాదు దళం’ అని పేరు. హైదరాబాదు నిజాము ఇచ్చిన విరాళం వల్ల ఆ పేరు వచ్చింది. ఆ దళం చిహ్నం మీద నిజాము తలపాగా బొమ్మ ఉంటుంది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో పోరాడిన ఆ దళమే తరవాత బర్మా సరిహద్దుకు వచ్చింది. హైదరాబాదులో 1923లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో మన వైమానిక దళంలో చేరి, ఇంగ్లండు వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నేర్చుకుని వచ్చాడు. ఆయనే 1978 నుంచి 1981 వరకు భారత వైమానిక దళానికి అధిపతిగా ఉన్నాడు.

ఇక మన ప్రాంతం మాట. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖపట్నం రేవు మీద బాంబులు వేశాయి. పట్నంలో జనం మూటాముల్లే కట్టుకుని లోపలి ఊళ్ళకు తరలిపోయారు. అటువంటి రోజుల్లో విమానాలు ఎంత అవసరమో, వాటిని నడపగలవారు అంతకంటె ఎక్కువ అవసరం. నేర్చుకునేవారికి వయసా, పంతొమ్మిదీ ఇరవయ్యీ! వ్యవధా, చాలా తక్కువ.

వాళ్ళకు ఎలా నేర్పారు? మొదట టైగర్ మాత్ అనే చిన్న రెండు ఆసనాల విమానం మీద గురువూ శిష్యుడూ కలిసి ఎగిరేవారు. మన బేగంపేటలో కూడా ఆనాడు అటువంటి శిక్షణ జరిగింది. తరవాత అంతకంటె బరువైన హార్వర్డ్ విమానం. అదీ రెండు ఆసనాలదే. ఆ పైన స్పిట్‌ఫైర్. ఇక్కడ గురువు రెక్క మీద నిలబడి, లోపలికి వంగి అన్నీ చూపించి, కిందికి దిగిపోవాలి. శిష్యుడు ఎగరవలసింది ఒక్కడే!

అందుచేత ఒక పరీక్ష పెట్టేవారు. శిష్యుణ్ణి నేలమీద ఉన్న విమానంలో కూర్చోబెట్టి కళ్ళకు గంతలు కట్టేవారు. “చక్రాల పిడి ఏది? ఇంధనం తిప్పే బిరడా ఏది?” అని అడిగితే, తడుముకోకుండా చెయ్యి దాని మీద పడాలి. ఆకాశంలో వెతుక్కునే తీరిక ఉండదు గదా!

ఇంకొక ఉపాయం అమెరికాలో పుట్టింది. ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యాలు చేసే కర్మాగారం ఉండేది. హార్మోనియానికి తిత్తి ఉంటుంది చూశారా? ఆర్గనుకూ అంతే. లింక్ ఆ తిత్తులనే తెచ్చి, ఒక పొట్టి విమానం బొమ్మ కింద అమర్చాడు. లోపల కూర్చున్నవాడు కడ్డీని పక్కకు వంచితే, ఒక తిత్తి ఉబ్బి ఇంకొకటి ముడుచుకునేది. బొమ్మ ఆ పక్కకు ఒరిగేది. ఇది 1929 నాటి మాట. మొదట్లో దీన్ని సంతలో రంగులరాట్నం లాంటి వినోదమనే అనుకున్నారు. కొన్ని వినోదశాలలకే అమ్ముడుపోయింది.

1934లో అమెరికా సైనిక వైమానికులకు టపా మోసే పని అప్పగించారు. చలికాలం, మంచు, చీకటి. కళ్ళకు దారి కనబడనప్పుడు సాధనాలు చూసి నడపడం వాళ్ళకు రాదు. కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు సైనికాధికారులు లింక్‌ను నూవార్క్ అనే ఊరికి రమ్మన్నారు. ఆనాడు దట్టమైన పొగమంచు. ఇక రాడని వారు అనుకుంటూ ఉండగా, లింక్ సాధనాలు చూసుకుంటూ ఆ మంచులోనే విమానం దింపాడు! సైన్యం వెంటనే ఆరు యంత్రాలు కొన్నది. యుద్ధం పూర్తయ్యేసరికి లక్షలమంది వైమానికులు ఆ పెట్టెలో కూర్చుని నేర్చుకున్నారు. అందులో ఒక చమత్కారం ఉన్నది. గురువుగారి బల్ల మీద మూడు చిన్న చక్రాల పరికరం ఒకటి పాకుతూ, శిష్యుడు ‘ఎగిరిన’ దారినంతా కాగితం మీద సిరాతో గీసేది. దాన్ని ‘పీత’ అని పిలిచేవారు. దారి తప్పితే ఆ తప్పు కాగితం మీద ఉండిపోయేది. ఈ పీతను మాత్రం గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని ఉన్నది.

ఆ పెట్టెకు మనుమడే నేటి సిమ్యులేటరు. తిత్తులకు బదులు కంప్యూటరు లెక్కలు కడుతుంది. తెర మీద ఆకాశం, నేల, సాధనాలు కనిపిస్తాయి. చేతికి ఒక కడ్డీ, కాళ్ళకు రెండు పెడల్స్ ఉంటాయి. రండి, స్పిట్‌ఫైర్ ఎక్కి కూర్చుందాం.

మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, ఎదర ఏమీ కనబడదు! విమానం తోకచక్రం మీద వాలి ఉంటుంది. పొడుగాటి ముక్కు ఆకాశం కేసి చూస్తూ ఉంటుంది. అందుకని నేలమీద పాములాగ మెలికలు తిరుగుతూ, ఒకసారి కుడివైపు నుంచీ ఒకసారి ఎడమవైపు నుంచీ తొంగిచూస్తూ పోవాలి. ఆలస్యం చేశారో, ఇంజను కాగిపోతుంది. చల్లబరిచే పరికరం కుడిరెక్క కింద ఉన్నది. దానికి తగిలే గాలికి చక్రం కాలు కొంత అడ్డం.

ఇంజను జోరు హెచ్చించండి. విమానం తిన్నగా పోక ఎడమకు లాగుతుంది. ఎందుకు? పంకా గాలిని మెలితిప్పి వెనక్కి తోస్తుంది. ఆ మెలిగాలి తోకను ఎడమపక్క నుంచి కొడుతుంది. తోక కుడికి జరిగితే ముక్కు ఎడమకు తిరగక ఏం చేస్తుంది? కనుక కుడికాలు నొక్కి సరిదిద్దాలి. తరవాతి కాలంలో గ్రిఫన్ అనే ఇంజను పెట్టిన స్పిట్‌ఫైర్‌లలో పంకా ఎదురుదిక్కుకు తిరిగేది. పాత అలవాటుతో కుడికాలు నొక్కినవాడి పని ఏమయ్యేదో ఊహించుకోండి!

నేల విడిచాము. ఇప్పుడు చక్రాలు లోపలికి ముడవాలి. కుడిచేతిలో కడ్డీ, ఎడమచేతిలో ఇంజను పిడి. చక్రాల పిడి మాత్రం కుడివైపున ఉన్నది! కాబట్టి ఎడమచెయ్యి వచ్చి కడ్డీ పట్టుకుంటే, కుడిచెయ్యి చక్రాల పని చూడాలి. మొట్టమొదటి స్పిట్‌ఫైర్‌లలో ఆ చక్రాలను బోరింగు కొట్టినట్టు చేత్తో కొట్టి ఎత్తేవారు. కుడిచెయ్యి ఊగుతుంటే తెలియకుండా ఎడమచెయ్యి కూడా ఊగేది. విమానం అలల మీద పడవలాగ పైకీ కిందికీ ఊగుతూ పోయేది. కొత్తవాణ్ణి కిందినుంచే పోల్చుకునేవారట!

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి బయలుదేరి, రైలుమార్గం వెంట ఉత్తరంగా రండి. కుడిచేతివైపు సింహాచలం కొండ. పెందుర్తి దాటాక పట్టాలు రెండుగా చీలే చోటు కనబడుతుంది. కుడివైపుది విజయనగరం పోతుంది. ఎడమవైపుది అరకు కొండలెక్కి కిరండూలు పోతుంది. ఆ చీలిక దగ్గర ఉన్నదే మా కొత్తవలస. అయితే కిరండూలు దారి 1960ల్లో వేసినది. 1942 నాటి వైమానికుడికి ఈ గుర్తు లేదు.

ఇక్కడ ఒక ప్రయోగం చెయ్యండి. పాత మెర్లిన్ ఇంజను గల విమానంలో కడ్డీని ఒక్కసారిగా ముందుకు తొయ్యండి. ముక్కు కిందికి వంగుతుంది. ఇంజను దగ్గి, ఊపిరాడనట్టు ఆగుతుంది! బండి గతుకులో దిగినప్పుడు మన పొట్టలో ఏదో పైకి తేలినట్టుంటుంది గదా? ఇంధనమూ అలాగే తన గిన్నెలో పైకి తేలుతుంది. మొదట ఇంజనుకు ఇంధనం అందదు, వెంటనే వరదలాగ వచ్చి ముంచెత్తుతుంది. జర్మను విమానాలకు ఈ జబ్బు లేదు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు దీనికి మందు కనిపెట్టింది. ఒక చిన్న రంధ్రం గల లోహపు బిళ్ళ! ఇంజనుకు కావలసినంత ఇంధనాన్నే అది పోనిస్తుంది, వరదను రానివ్వదు. వెయ్యి గుర్రాల ఇంజనును అంత చిన్న బిళ్ళ కాపాడింది.

ఇక దిగడం. అన్నిటికంటె కష్టం ఇదే. తిన్నగా వస్తే ముక్కు నేలను కప్పేస్తుంది. అందుకని ఒంపుగా తిరుగుతూ, పక్కనుంచి నేలను చూస్తూ రావాలి. చివరి క్షణంలో మాత్రమే తిన్నబడాలి. వేగం గంటకు 85 మైళ్ళ దగ్గర నిలపాలి. అది 65కు దిగజారిందంటే రెక్కలు ఇక మొయ్యలేవు. చక్రాల మధ్య దూరం ఆరడుగులు కూడా లేదు, విమానం బరువు రెండున్నర టన్నుల పైమాట. పడకుండా దింపితే మీరు గట్టివారే!

మా ఊళ్ళో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు ఈ సిమ్యులేటరుతో కుస్తీ పడుతున్నాడు. దిగినప్పుడల్లా విమానం బోల్తా. బోల్తా పడగానే ఒక మీట నొక్కేవాడు. క్షణంలో కొత్త విమానం సిద్ధం. “ఎన్నిసార్లు పడ్డావురా?” అన్నాను. “లెక్కపెట్టలేదు మాస్టారూ” అన్నాడు. “ఎందుకు పడ్డావు?” అంటే, “ఏమో మాస్టారూ, మళ్ళీ నొక్కితే వచ్చేస్తుంది గదా!” అన్నాడు.

అప్పుడు వాడికి పీత సంగతి చెప్పాను. “మీట నొక్కే ముందు పుస్తకంలో మూడు మాటలు రాయి: ఏం జరిగింది, అప్పుడు వేగం ఎంత, ఈసారి ఏం మారుస్తాను” అన్నాను. మొదట విసుక్కున్నాడు. వారం తిరిగేసరికి పుస్తకం తెచ్చి చూపించాడు. తొమ్మిది పతనాల్లో ఏడుసార్లు వేగం 65 మైళ్ళకంటె తక్కువ! “మాస్టారూ, నేల దగ్గరపడుతుంటే భయమేసి ఇంజను ముందే తగ్గించేస్తున్నాను!” అన్నాడు. జవాబు వాడికి నేను చెప్పలేదు, నాకు తెలియదు కూడా. వాడి పుస్తకమే చెప్పింది. పక్క ఆసనం లేనిచోట గురువు కూర్చునేది ఆ కాగితం మీదనే!

బాలలూ, 1942 నాటి కుర్రవాళ్ళ దగ్గర మళ్ళీ మొదలుపెట్టే మీట లేదు. యుద్ధానికి పోకముందే, నేర్చుకుంటూ ఉండగానే ప్రాణాలు పోగొట్టుకున్నవారు వారిలో ఎందరో. వారికి లేని అవకాశం మనకు ఉన్నది. కారణం తెలుసుకోకుండా ఆ మీట నొక్కితే, ఆ అవకాశాన్ని పారేసుకున్నట్టే.

ఇంకొక సంగతి కూడా మరువకండి. కుర్చీలో కూర్చుని నేర్చినది సగం విద్య మాత్రమే. నిజమైన విమానాన్ని గట్టిగా పైకి లాగితే 35 కిలోల పిల్లవాడు 140 కిలోల బరువు తూగుతాడు. తలలోని రక్తం కిందికి దిగి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఆ బరువూ, ఆ ఎండా, ఆ భయమూ తెరలోంచి బయటికి రావు. సిమ్యులేటరు చేతులకు వరస నేర్పుతుంది. మిగతాది ఆకాశం నేర్పవలసిందే.

ఈ నెల మీకు రెండు పనులు:

ఒకటి: కొత్తవలస నుంచి విశాఖపట్నం సుమారు 30 కిలోమీటర్లు. గంటకు 360 కిలోమీటర్ల వేగంతో పోయే స్పిట్‌ఫైర్‌కు ఎన్ని నిమిషాలు పడుతుంది? కాగితం లేకుండా చెప్పాలి.

రెండు: మీ పుస్తకాల సంచీ సర్దుకుని, కళ్ళకు గంతలు కట్టుకోండి. చెల్లెలో, తమ్ముడో “లెక్కల పుస్తకం! స్కేలు! రబ్బరు!” అని అడుగుతుంటే తడుముకోకుండా తీసి ఇవ్వండి. పది వస్తువులకు ఎన్ని తప్పులు వచ్చాయో, ఎందుకు వచ్చాయో రాసుకోండి. మర్నాడు మళ్ళీ గంతలు కట్టేముందు ఆ కాగితం ఒకసారి చదవండి.