అంగన్‌వాడీలో ఆయా భాష

ఆ మధ్య మా సంఘంలో ఒక హాస్యం నడిచింది. "మన అయ్యగారు ఎల్.కె.జి.లో చేరారంట" అని. నవ్వినవాళ్ళ తప్పేమీ లేదు. వేదాంతంలో పట్టా తీసుకుని, పదిహేనేళ్ళు కాపరిగా పని చేసి, తల నెరుస్తున్న వయసులో పసిపిల్లల విద్య మీద పుస్తకాలు ముందేసుకుని రాత్రిళ్ళు అసైన్‌మెంట్లు రాస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఆవిడ అయితే "మన పిల్లలు పసివాళ్ళుగా ఉన్నప్పుడు చదవాల్సింది, ఇప్పుడేం లాభం" అంది. అదీ నిజమే.

నన్ను ఆ చదువు వైపు నెట్టింది ఒక యువకుడి ప్రశ్న. రాయగడ జిల్లాలో కొండ మీద ఒక కువి గ్రామం. ప్రార్థన కూడిక అయిపోయాక అతను నా పక్కన వచ్చి కూర్చున్నాడు. తన తమ్ముడు మూడేళ్ళు అంగన్‌వాడీకి వెళ్ళాడట. ఇప్పుడు ఒకటో తరగతిలో కూర్చోనంటున్నాడట. బడి అంటే చాలు, కొండ మీదికి పరుగెత్తుతున్నాడట. "మూడేళ్ళు వాడు అక్కడ ఏం నేర్చుకున్నాడు అయ్యగారూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ప్రార్థన ఉంది. అది చేసి కొండ దిగాను. దిగుతున్నంతసేపూ సిగ్గుగానే ఉంది.

తరవాత ఆ చదువులో చేరాను. మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, సంఘ చరిత్ర తరగతిలో నేను సరిగా వినని పేర్లు విద్యాశాస్త్రం పుస్తకంలో మొదటి పేజీల్లోనే ఎదురయ్యాయి. కొమేనియస్ మొరేవియన్ సహోదరుల సంఘపు బిషప్పు. 17వ శతాబ్దపు యుద్ధాల్లో దేశం వదిలి తిరుగుతూనే, ఆరేళ్ళ లోపు పిల్లల చదువు గురించి తల్లుల కోసం పుస్తకం రాశాడు. పిల్లలకు మొదటి బడి తల్లి ఒడి అన్నాడు. ఓబర్లిన్ 1767లో ఆల్సేస్ కొండల్లో ఒక బీద గ్రామానికి కాపరిగా వెళ్ళాడు. అక్కడ సారా బాంజె అనే పల్లెటూరి అమ్మాయి చుట్టుపక్కల చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని అల్లిక నేర్పుతుంటే చూసి, ఆ పనినే సంఘ పరిచర్యగా నిలబెట్టాడు. 1837లో పసిపిల్లల బడి పెట్టి, తరవాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్ ఒక లూథరన్ పాస్టరు కొడుకు. మన పండిత రమాబాయి 1886లో అమెరికా వెళ్ళినప్పుడు కిండర్‌గార్టెన్ పద్ధతిలో శిక్షణ కూడా తీసుకున్నారు. వీళ్ళంతా మనవాళ్ళే. అయినా ఇన్నేళ్ళ నా పరిచర్యలో ఆరేళ్ళ లోపు పిల్లలంటే బాలల ప్రతిష్ఠ రోజున ఎత్తుకునే వాళ్ళు, ప్రసంగం మధ్యలో ఏడిస్తే బయటికి పంపించే వాళ్ళు, అంతే.

కోర్సులో ఒక పని ఇచ్చారు. ఏదైనా ఒక కేంద్రంలో ఒక పిల్లవాణ్ణి కొన్ని రోజులు గమనించాలి. మధ్యలో కలగజేసుకోకూడదు. చూసింది చూసినట్టు రాయాలి. రెండు గంటలు నోరు మూసుకుని కూర్చోవడం కంటే పాస్టరుకు కష్టమైన పని ఇంకోటి ఉండదు. బిస్సంకటక్ వైపు ఒక కొండ ఊరి అంగన్‌వాడీకి వెళ్ళి, గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అక్కడ కార్యకర్తను దీదీ అంటారు. ఆమె కింద పట్నం నుంచి వస్తుంది, ఒడియా మాట్లాడుతుంది. ఓపిక గల మనిషి. పిల్లల చేత ఒడియా పాట పాడిస్తోంది, చేతులు తిప్పిస్తోంది. నాలుగేళ్ళ బాబు ఒకడు స్తంభం చాటున కూర్చున్నాడు. పాడలేదు, చేతులు తిప్పలేదు. మొదటి రోజు నా నోటుపుస్తకంలో వాడు పలికిన మాటలు సున్నా. దీదీ నా వైపు చూసి, "వీడికి ఇంకా మాటలు రాలేదు" అంది.

పదిన్నరకు వెనక వసారాలో ఆయా పొయ్యి రాజేసింది. సహాయిక అని రాస్తారు రికార్డుల్లో, మనం ఆయా అంటాం. ఆమె ఆ ఊరి మనిషే. పొగ లేచేసరికి బాబు స్తంభం వదిలి పొయ్యి దగ్గరికి పోయాడు. ఇక మొదలుపెట్టాడు! ఆ మాటలు నాకు అర్థం కాలేదు కాని, ఆపకుండా మాట్లాడుతున్నాడని అర్థమైంది. ఆయా వాడికేదో పని చెప్పింది. వాడు లోపలికి వచ్చి ఒక్కొక్క పిల్ల తలా ముట్టుకుంటూ తిరిగాడు, మళ్ళీ వెళ్ళి బుట్టలోంచి గుడ్లు ఒక్కొక్కటే తీసి గిన్నెలో పెట్టాడు. తలకొక గుడ్డు. ఒకటి తక్కువైతే మళ్ళీ లోపలికి వచ్చి చూసుకున్నాడు. పుస్తకంలో దీనికి పెద్ద పేరుంది. ఆ వయసుకు ఆ పని చేయగలిగితే లెక్కలకు పునాది పడినట్టే.

మాటలు రాని పిల్లవాడు కాదు వాడు. వాడి మాట వినే చెవి ఆ గదిలో లేదు, పొయ్యి దగ్గర ఉంది.

దీదీని నిందించడానికి ఇది రాయడం లేదు. ఆమె నింపాల్సిన రిజిస్టర్లు, ఫోనులో ఎక్కించాల్సిన బరువులూ కొలతలూ, వెళ్ళాల్సిన ఇళ్ళూ చూస్తే ఆమె పాట పాడించడమే గొప్ప. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఐ.సి.డి.ఎస్. మొదలైనప్పటి నుంచి ఆ చిన్న గదికి అప్పగించిన సేవలు ఆరు, వాటిలో బడికి ముందు చదువు ఒకటి. ఇక గౌరవ వేతనం సంగతి. కేంద్రం 2018లో కార్యకర్తకు 3000 నుంచి 4500కు, సహాయకురాలికి 1500 నుంచి 2250కి పెంచింది. రాష్ట్రాలు దాని మీద కొంత కలుపుతాయి. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు రోడ్డు మీద కూర్చున్నది ఎందుకో మన సంఘాల్లో ఎంతమంది ప్రసంగాల్లో విన్నారు? ఆ లెక్కల్లో నాకు గుచ్చుకున్నది వేరే. పిల్లవాడి భాష తెలిసిన మనిషికి దక్కేది, తెలియని మనిషికి దక్కేదాంట్లో సగం. ఆమెను వంటకూ, ఊడ్వడానికీ అని రాసుకున్నాం కాబట్టి.

కోరాపుట్ వైపు తంటా ఇంకో రకం. అక్కడ గదబలు, పరజలు, ఇంకా అనేక జాతుల వాళ్ళ మధ్య దేశియా అనే ఒడియా వాడుక నడుస్తుంది. "వీళ్ళకి ఒడియా వచ్చు కదా" అని పైవాళ్ళు అనుకోవడానికి అదే కారణం. దేశియాకూ పాఠ్యపుస్తకాల ఒడియాకూ మధ్య దూరం తెలుగువాళ్ళకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు గ్రాంథికం మీద పోరాడింది ఇందుకే. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఆయన అంతకుముందే పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారని, సవర వ్యాకరణం, నిఘంటువు రాశారని ఆ రోజు ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఆ సవరలే రాయగడ జిల్లాలో గుణుపురం కొండల్లో ఉన్న సౌరాలు.

కువికి కూడా అలాంటి మనిషి ఉన్నాడు. బ్రెక్లుమ్ మిషనరీలు 1882లో కోరాపుట్ చేరారు. అప్పటికి ఇదంతా విశాఖపట్నం జిల్లా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసు కిందే ఉండేది. ఆ మిషన్‌కు చెందిన షుల్జె అనే పాస్టరు సాలూరులో ఉంటూ కువి నేర్చుకుని, 1911లో దాని వ్యాకరణం అచ్చువేయించాడు. నూరేళ్ళు దాటింది. ఇవాళ కువి ఊళ్ళకు వెళ్ళే తెలుగు సేవకుల్లో కువి నేర్చుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేను ఆ లెక్కలో లేను. మా సండే స్కూలులో కువి పిల్లలు తెలుగు వాక్యాలు కంఠతా అప్పజెప్పి బహుమతులు తీసుకున్నారు. ఆ బహుమతులు ఇచ్చింది నేనే. స్తంభం చాటు బాబును చూసి వచ్చిన రాత్రి ఆ ఫొటోలు తీసి చూసుకున్నాను.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది భాషల్లో, ఒడిశా 2006లో పది భాషల్లో, మొదట ఇంటి భాషలో బడి చదువు మొదలుపెట్టే కార్యక్రమం తెచ్చాయి. రెండు చోట్లా కువి ఉంది, సవర ఉంది. అటు తెలుగు లిపిలో, ఇటు ఒడియా లిపిలో. భాష ఒకటే, సరిహద్దు మాత్రం అక్షరాల మీదుగా పోయింది. ఒడిశా అంగన్‌వాడీల కోసం 'నూఆ అరుణిమ' అనే ప్రీస్కూలు కార్యక్రమాన్ని గిరిజన భాషల్లో కూడా తయారు చేశారు. 1954లో డేనిష్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టిన బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రిది 'మిత్ర' అనే విభాగం. వాళ్ళు కచపాజులో ఆదివాసీ పిల్లలకు కువిలో మొదలుపెట్టి చదువు చెబుతున్నారు. కాబట్టి దారి లేదనడానికి లేదు. పుస్తకం కువిలో ఉంటే చాలదు, చదివి వినిపించే మనిషి కూడా కువిలో ఉండాలి. ఆ మనిషి పొయ్యి ఊదుతోంది.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి, యువత తెలుసుకోవాల్సింది ఇది. రాజ్యాంగం 45వ అధికరణం మొదట్లో 14 ఏళ్ళు నిండే వరకు పిల్లలందరికీ చదువు అంది. కింది వయసు ఇంత అని గీత గీయలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని హక్కుగా చదివింది. 2002లో 86వ సవరణ వచ్చి 6 నుంచి 14 దాకా మాత్రమే ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ళ లోపు వాళ్ళకు రాజ్యం ప్రయత్నిస్తుంది అని మిగిల్చింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లోనూ 3 నుంచి 6 ఏళ్ళ వాళ్ళకు ఏర్పాట్లు చేయవచ్చు అనే ఉంది. చేయాలి అని లేదు. ఆరేళ్ళు నిండేదాకా మన పిల్లలు పౌరులు కారన్నమాట, లబ్ధిదారులు. అయితే ఆహార హక్కు కేసులో 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఒకటుంది. ఆరేళ్ళ లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని వాడ అడిగితే, మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలి.

అడిగితే, అన్నారు. మేం అడిగాం. వాగు అవతల వాడలో మా యువకులు ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాశారు. నలభై దాటారు. పల్లీసభలో తీర్మానం పెట్టించాం. ఈ జిల్లాలోనూ కలహండి జిల్లాలోనూ కలిపి 2013లో పన్నెండు పల్లీసభలు నియమగిరి తవ్వకానికి వద్దని చెప్పి నిలబెట్టుకున్నాయి. ఆ సభ బలం ఏమిటో ఇక్కడివాళ్ళకు నేను చెప్పేదేముంది! తీర్మానంలో రెండో వాక్యం నేను అడిగి రాయించాను: కొత్త కేంద్రంలో పాఠం చెప్పేందుకు కువి మాట్లాడే ఆ ఊరి స్త్రీకి శిక్షణ ఇవ్వాలి, ఆయాను కూడా ఆ శిక్షణకు పంపాలి. కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. ఇది రాసే నాటికి జవాబు రాలేదు.

ఇంతకంటే కష్టమైన వాదన మా సంఘంలోనే ఉంది. చర్చి హాలులో ఇంగ్లీషు నర్సరీ పెట్టాలని పెద్దలు కొందరు ప్రతిపాదించారు. ఫీజు, యూనిఫాం, టై. సంఘానికి కొంత రాబడి. నేను వద్దన్నాను. మూడేళ్ళ పిల్లకు తెలియని భాషలో తెలియని పాట నేర్పడం అంగన్‌వాడీలో తప్పయితే, మన హాలులో ఒప్పు ఎలా అవుతుంది, ఇక్కడ స్తంభం చాటున కూర్చోవడానికి ఫీజు కూడా తీసుకుంటామా అన్నాను. హాలు పగలంతా ఖాళీగా ఉంటుంది కదా, వాన పడితే కారే అంగన్‌వాడీకి ఇద్దాం అన్నాను. ఒక పెద్దాయన లేచాడు. రైల్వేలో కూలీగా పని చేసిన మనిషి. "అయ్యగారూ, మీ పెద్దమ్మాయి రెండున్నరేళ్ళకే టై కట్టుకుని వెళ్ళింది, నేను చూశాను. మా మనవలకు మాత్రం ఇంటి భాష చాలా?" అన్నాడు. సభ నిశ్శబ్దం అయిపోయింది.

ఆయన తప్పు అనలేదు. ఇంగ్లీషు మన దళిత కుటుంబాలకు తలుపు తీసింది, ఆ ఆకలిని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. ఇంగ్లీషు రావాలి. ఎప్పుడు, దేని మీద నిలబడి అన్నదే ప్రశ్న. మాటలు గట్టిపడే వయసులో సొంత మాట ఊడబెరికితే దాని మీద ఏ భాష కడతాం? ఇదంతా చెప్పాను. కాని టై సంగతికి నా దగ్గర జవాబు లేకపోయింది. చేసిన పొరపాటు అనే చెప్పాను. ఆయన కూర్చున్నాడు గాని ఒప్పుకోలేదు. నిర్ణయం వచ్చే కమిటీకి వాయిదా పడింది.

ఆ ఆదివారం మార్కు సువార్త 5వ అధ్యాయం నుంచి మాట్లాడాను. యాయీరు కూతురి గది. మార్కు గ్రీకులో రాస్తున్నాడు, అయినా ప్రభువు ఆ చిన్నదాన్ని పిలిచిన పిలుపును మాత్రం ఆమె ఇంటి భాష అరమేయికులోనే అట్టేపెట్టి, పక్కన అర్థం రాశాడు. ఆ చోటు మాత్రం అనువదించబుద్ధి కాలేదు కాబోలు. పిల్ల లేచి నడిచిన వెంటనే ప్రభువు చెప్పింది ఏమిటంటే, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టండి అని. ఇంటి భాషలో పిలుపు, తరవాత అన్నం. ఈ భాగం మీద ఇన్నేళ్ళలో చాలాసార్లు ప్రసంగించాను. అన్నిసార్లూ మరణం మీద గెలుపు గురించే చెప్పాను. ఈసారి ఆ గదిలో పొయ్యి కనబడింది.

రైల్వే పెద్దాయన బయటికి వెళుతూ చేయి కలిపాడు. "ప్రసంగం బాగుంది. కమిటీలో మాత్రం నా ఓటు నర్సరీకే" అన్నాడు.

ఇప్పుడు మా సండే స్కూలులో చిన్నపిల్లల తరగతి నేను తీసుకోవడం లేదు. కొండ ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఇంటర్ చదువుకుంటున్న ఒక అమ్మాయి కువిలో కథ చెబుతోంది. నేను వెనక చాప మీద పిల్లల పక్కన కూర్చుంటాను. మొదటి వారం మొత్తం కథలో నాకు తెలిసిన మాట ఒకటే, ఇల్లు. కువిలోనూ ఇల్లే. నా పక్కన కూర్చున్న ఐదేళ్ళ పాప, ఈయనకు కథ అర్థం కావడం లేదని కనిపెట్టినట్టుంది, మిగతాది చేతులతో చెప్పింది.