టూల్‌టిప్ చిన్నదే, కానీ పేజీకో రకం ఎందుకు?

ల్యాప్‌టాప్‌లో ఏదైనా పెద్ద వెబ్ యాప్ ఓపెన్ చేసి, ఒక ఐకాన్ మీద మౌస్ పెట్టి చూడండి. చిన్న బాక్స్ వచ్చి ఆ బటన్ ఏం చేస్తుందో చెబుతుంది. అదే టూల్‌టిప్. ఇప్పుడు అదే యాప్‌లో ఇంకో రెండు పేజీలు తిరగండి. ఒకచోట నల్ల బాక్స్ టక్కున వస్తుంది, ఇంకోచోట బ్రౌజర్ ఇచ్చే సాదా బాక్స్ కాసేపాగి వస్తుంది, మరోచోట అసలు రాదు. యాప్ ఒకటే, రాసినవాళ్లు ముగ్గురు, పద్ధతులు మూడు.

ఇదేదో అందానికి సంబంధించిన గొడవ అని నేనూ అనుకునేవాణ్ణి. కిందటేడాది మా టీమ్ చేసిన స్టాక్ లెక్కల యాప్‌లో ఆర్కైవ్, డిలీట్ ఐకాన్లు పక్కపక్కనే ఉండేవి. రెండూ మూతపెట్టిన డబ్బా బొమ్మల్లాగే కనిపించేవి, తేడా తెలిసేది టూల్‌టిప్‌తోనే. మా ల్యాప్‌టాప్‌లలో అంతా బానే ఉంది. షాపులో కుర్రాడు టాబ్లెట్‌లో వాడాడు. టాబ్లెట్‌కి మౌస్ ఎక్కడిది? నెలరోజుల ఎంట్రీలు పోయాయి. బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాం (చివరి రెండు రోజులవి మాత్రం బిల్లులు చూసి చేత్తో ఎక్కించాం). తప్పు ఆ కుర్రాడిది కాదు, మాది.

తర్వాత కోడ్ తెరిచి చూస్తే సగం చోట్ల హెచ్‌టీఎంఎల్ టైటిల్ అట్రిబ్యూట్. ఒక్క మాట రాస్తే పనైపోతుంది కాబట్టి అందరం దాన్నే వాడేస్తాం. కానీ టచ్ స్క్రీన్ మీద అది మామూలుగా కనిపించదు, ట్యాబ్ కీ నొక్కుకుంటూ వెళ్లేవాళ్లకీ కనిపించదు, రంగూ సైజూ మన చేతిలో ఉండవు. కొన్నిచోట్ల బూట్‌స్ట్రాప్ టూల్‌టిప్. మంచిదే, కాకపోతే జావాస్క్రిప్ట్‌తో మనమే స్టార్ట్ చేయాలి. పేజీలోకి తర్వాత వచ్చిన బటన్లను మర్చిపోతే అవి మూగవైపోతాయి. మిగతావి ఎవరో సీఎస్ఎస్‌తో సొంతంగా కట్టినవి. స్క్రీన్ అంచున ఉన్న బటన్ అయితే టూల్‌టిప్ సగం బయటే.

నేననేది ఒకటే: యాప్ మొత్తానికి టూల్‌టిప్ కాంపోనెంట్ ఒక్కటే ఉండాలి. ఎంతసేపటికి రావాలి, ఏ వైపు రావాలి అన్నది ఒక్క ఫైల్‌లో తేలిపోవాలి. ఎలా ఉండాలో మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1లోని 1.4.13 నియమం చూడండి. మౌస్ కదపకుండానే దాన్ని తీసేయగలగాలి, అంటే ఎస్కేప్ కీ లాంటిది ఉండాలి. మౌస్ ఆ బాక్స్ మీదకి వెళ్లినా అది మాయం కాకూడదు. చదవడం పూర్తికాకముందే దానంతట అది పోకూడదు. పైగా స్క్రీన్ రీడర్‌కి కూడా ఆ మాట అందాలి. ఇవన్నీ ప్రతి బటన్‌కీ గుర్తుపెట్టుకుని ఎవరు రాస్తారు? నేనైతే రాయను. అందుకే ఒక్కచోట రాయాలి.

తెలుగులోకి మార్చేటప్పుడు ఇంకో తలనొప్పి. ఎత్తు ఫిక్స్ చేసిన బాక్సుల్లో ఒత్తులు కింద తెగిపోతాయి. ఇరవై చోట్ల సరిచేస్తారా, ఒక్కచోటా?

"ఇంత చిన్నదానికి రీఫ్యాక్టరింగా?" అన్నారు మా లీడ్. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, అన్ని పేజీలూ ఒకేసారి కదిలిస్తే ఏదో ఒకటి విరుగుతుంది. అందుకని కొత్త కోడ్‌లో టైటిల్ అట్రిబ్యూట్ కనిపిస్తే లింటర్ ఎర్రర్ ఇచ్చేలా పెట్టాం. ఐఫ్రేమ్‌కి మాత్రం మినహాయింపు, దానికి టైటిల్ నిజంగానే కావాలి. పాతవాటిని ఏ పేజీ ముట్టుకుంటే ఆ పేజీలో మార్చుకుంటూ వస్తున్నాం.

ఇలా మారుస్తుంటే బయటపడిందేంటంటే, చాలా టూల్‌టిప్‌లు అసలు అక్కర్లేనివే. 'సేవ్' అని రాసి ఉన్న బటన్‌కి మళ్లీ 'సేవ్' అని టూల్‌టిప్! అవన్నీ పీకేశాం. ఆండ్రాయిడ్ యాప్‌లకైతే 8.0 నుంచి ఐకాన్ నొక్కి పట్టుకుంటే టూల్‌టిప్ చూపించే ఏర్పాటు సిస్టమ్‌లోనే ఉంది. కానీ నొక్కి పట్టుకోవాలని ఎంతమందికి తోస్తుంది? మా డిలీట్ ఐకాన్‌కి కొత్త కాంపోనెంట్ కూడా పెట్టలేదు. బొమ్మ పక్కనే 'తొలగించు' అని రాసేశాం.