తీగ లేని జాలము ఎంత మోయగలదు?

తీగలు తెగినా, టవర్లు కూలినా, మన చేతిలోని ఫోనులే సందేశాలను ఒకదానికొకటి అందించుకొని ఊరంతటినీ కలుపగలవనే మాట ఈనాడు తరచుగా వినవస్తున్నది. ముందస్తు ఏర్పాటు ఏదీ లేకుండా, ఉన్న యంత్రాలే అప్పటికప్పుడు అల్లుకొనే ఇటువంటి జాలమును అడ్‌హాక్ వైర్‌లెస్ నెట్‌వర్క్ అంటారు. ఇందులో ప్రతి యంత్రమూ తన సందేశాన్ని పంపుకొనుటే గాక, పొరుగువారి సందేశాన్ని కూడా మోసి ముందుకు అందిస్తుంది. భావన ఉదాత్తమైనదే. అయితే సదుద్దేశము వేరు, సామర్థ్యము వేరు. ఈ జాలము ఎంత భారం మోయగలదో తెలుసుకొనకుండా ఆపత్కాలంలో ప్రజల ప్రాణాలను దానికి అప్పగించడం క్షేమం కాదని మా అభిప్రాయం.

మన పాఠకులకు ముషాయిరా కొత్త కాదు. షమా ఎవరి ముందుకు వస్తే వారు చదువుతారు, తక్కినవారు వింటారు. ఇద్దరు ఒక్కసారిగా గళమెత్తితే ఎవరి గజలూ చెవికి చేరదు. ఒకే పౌనఃపున్యాన్ని పంచుకొనే రేడియో యంత్రాల స్థితి కూడా ఇదే. రెండు ముషాయిరాలు దూరదూరంగా వేర్వేరు మందిరాల్లో జరిగితే మాత్రం ఒకదానికొకటి అడ్డు రాదు. అదే విధంగా, యంత్రాలు దగ్గరివారికి మాత్రమే వినబడేటట్లు మెల్లగా పలికితే, ఊరిలో అనేక చోట్ల ఏకకాలంలో సంభాషణలు సాగవచ్చును. కాని మెల్లగా పలికిన మాట దూరం పోదు. మజిలీలు మారుతూ పోవాలి. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఈ చిక్కును గణితంతో కొలిచి చూపినవారు పీయూష్ గుప్తా, పి. ఆర్. కుమార్ అనే శాస్త్రజ్ఞులు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో వారు చేసిన పరిశోధన 2000వ సంవత్సరంలో ప్రకటితమైనది. వీరిలో కుమార్ 1973లో మద్రాసు ఐ.ఐ.టి. నుండి పట్టభద్రులైనవారు. వారి సిద్ధాంతాన్ని స్థూలంగా ఇలా గ్రహించవచ్చును. ఒక మైదానంలో 100 యంత్రాలు పదేసి చొప్పున పది వరుసల్లో ఉన్నాయనుకొందాం. ఈ కొసనుండి ఆ కొసకు సందేశం పోవాలంటే సుమారు పది మజిలీలు కావాలి. అంటే ప్రతి యంత్రమూ తన పనికి ఒక పాలు, పరుల పనికి తొమ్మిది పాళ్లు శక్తిని వెచ్చించవలసి వస్తుంది. అదే మైదానంలో 10,000 యంత్రాలు చేరితే మజిలీలు నూరవుతాయి. సభ్యులు నూరు రెట్లు పెరిగితే జాలము మొత్తం మోసే భారం పది రెట్లే పెరుగుతుంది. ఒక్కొక్కరికి దక్కే వంతు మునుపటిలో పదవ పాలికి పడిపోతుంది. ఇదే వర్గమూల న్యాయము. యంత్రాలు క్రమం లేకుండా చెదరి ఉన్నప్పుడు వారు చూపిన వంతు ఇంకా కొంత తక్కువే.

ఆచరణలో పరిస్థితి మరింత కఠినము. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పరిశోధకులు 2001లో, ఒకే వరుసలో నిలిచిన యంత్రాల గుండా సందేశాలు పోయే తీరును కంప్యూటరుపై అనుకరించి చూశారు. ఒక యంత్రం పలుకుతున్నప్పుడు సమీపంలోని మరికొన్ని మౌనం వహించాలి గనుక, ఆదర్శ స్థితిలో కూడా రేడియో వేగంలో నాలుగవ వంతే దక్కాలి. వైఫైకి మూలమైన 802.11 నియమావళితో వారికి లభించినది సుమారు ఏడవ వంతు. మొదటి యంత్రం తొందరపడి పంపిన సందేశాలను తరువాతివి మోయలేక జారవిడవటమే ఇందుకు ముఖ్య కారణం. అయితే వారు ఒక ఆశను కూడా చూపారు: సంభాషణలు ఎక్కువగా ఇరుగుపొరుగు మధ్యనే సాగితే, జాలము ఎంత విస్తరించినా నిలబడగలదు.

గణితం చెప్పినదే కడపటి మాటా అని కొందరు ప్రశ్నించవచ్చును. గ్రాస్‌గ్లౌజర్, త్సే అనే ఇరువురు 2001లో, యంత్రాలు తిరుగాడుతూ ఉంటే, సందేశం ఆలస్యమైనా ఫరవాలేదనుకుంటే, ఒక్కొక్కరి వంతు తగ్గనవసరం లేదని నిరూపించారు. ఊరికి పోయే పొరుగువాని చేతికి ఉత్తరమిచ్చి పంపినట్లన్నమాట. కాని నీట మునుగుతున్నవాడు ఆ ఆలస్యాన్ని భరించగలడా? యంత్రాలు జట్లుగా కూడి ఏకగళంతో పలికితే వర్గమూల న్యాయాన్ని దాటవచ్చునని 2007లో మరొక పరిశోధన తెలిపినది. అందుకు కావలసిన కచ్చితమైన సమన్వయం, కరెంటు పోయిన ఊరిలో జేబులోని ఫోనులకు సాధ్యమయ్యేది కాదు.

ఇది మనకు దూరపు విషయము కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినపుడు విద్యుత్తుతో పాటు టెలిఫోను సంబంధాలు కూడా తెగిపోయినవి. అటువంటి దినాన ఫోనుల జాలము నిరుపయోగమని మేము అనుట లేదు. దాని హద్దు తెలిసి వాడుకోవాలన్నదే మా వాదము. మొదటిది, అందులో చిన్న సందేశాలే పోవాలి. ఒక ఎస్.ఎం.ఎస్.లో తెలుగు గాని ఉర్దూ గాని 70 అక్షర సంకేతాలు పడతాయి. "పదిమందిమి బడిపై ఉన్నాము, పడవ పంపండి" అనుటకు అది చాలును. ఒక్క ఛాయాచిత్రం దానికి వేల రెట్ల భారం. రెండవది, కొన్ని వీధులకొకటి చొప్పున ఉపగ్రహంతోనో భూగర్భ తీగతోనో బయటి లోకానికి కలిసే కేంద్రం ఉండాలి. అప్పుడు ఏ సందేశమైనా రెండు మూడు మజిలీలలో గట్టెక్కుతుంది. జనం తోడైతే చాలు, జాలము దానంతట అదే బలపడుతుందనే భ్రమ మాత్రం పనికిరాదు.

కళాశాల కార్యవర్గానికి మా విన్నపము ఒకటి కలదు. ఏడెనిమిది చవక రౌటర్లను సమకూర్చి, వరండా పొడుగునా వరుసగా ఉంచి, ఒక్కొక్క మజిలీకి వేగం ఎంత తగ్గుతున్నదో విద్యార్థుల చేతనే కొలిపించవలసినదిగా కోరుతున్నాము. ఉర్దూ మాధ్యమం వారూ, తెలుగు మాధ్యమం వారూ కలిసి చేయదగిన ప్రయోగమిది, ఎందుకనగా అంకెలకు మాధ్యమ భేదం లేదు. ప్రకటనలను నమ్ముటకు బదులు కొలిచి తెలుసుకొనే అలవాటు నేడు మన విద్యార్థులకు అలవడితే, రేపు తుపాను నాడు ఏ ఊరి ఏర్పాట్లు వారి చేతికి వచ్చినా ఆ ఊరు నష్టపోదు.