బండ మీద చెయ్యి పెట్టి చూడు, బిడ్డా

 

పట్నంల నువ్వుండే హాస్టల్ వరండాల ఒక్కసారి కాళ్ల కింద చూడు. నీలం బండో, పసుపు బండో కనిపిస్తే అది మన తాండూరు నేలలకెల్లి వచ్చిందే కావచ్చు. అనంతగిరిల పుట్టిన మూసీ కూడ ఆ పట్నం మీదికెల్లే పోతది. మన దిక్కు పుట్టినవి పట్నం బాట పట్టుడు పాత అలవాటే, అందుకే నువ్వు పోయినందుకు నిన్ను తప్పు పట్ట. కాని ఆ బండ కథ నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

ఆ బండ నాపరాయి, పొరలు పొరలుగ పరుచుకొని ఉంటది. కోత మిషన్లు రాకముందు పైమట్టి తీసి, బండ మీద సుత్తెతోటి కొట్టి ఇనేటోళ్లు. ఖంగుమంటే మంచిది, బొంగురుగ పలికితే లోపల బీట ఉన్నట్టు. ఉలితోటి గీత కొట్టి, పొర సందుల గడ్డపార దూర్చి, నలుగురు ఒక్క ఊపున లేపితే పలక చెదరకుండ లేచేది. కొలబద్ద ఎప్పుడో గాని తీసేటోళ్లు కాదు, కండ్లే కొలత. ఆ బండ పైముఖం గరుకుగ ఉంటది, తడిసినా కాలు జారదు. గుడి ముంగట, ఇంటి వాకిట్ల పరిచినం. మన ఊర్లల్ల నిలబెట్టిన బండలే గోడలు, అడ్డం వేసిన బండలే కప్పు. మన తాండూరు భద్రేశ్వరస్వామి జాతరల రథం తాడు పట్టిన చేతులల్ల గనిల పని చేసిన చేతులు ఎన్నో!

ఆ పనితనం ఇప్పుడు చెయ్యిజారుతున్నది. మిషన్ కోత వచ్చింది, పాలిష్ వచ్చింది, టైల్స్ వచ్చినయి. అయితే అసలు కారణం అది కాదు బిడ్డా. ఎండ, దుమ్ము, చాలని కూలి చూసి ప్రతి తండ్రి కొడుకుతోటి ‘ఈ పని నీకొద్దురా’ అన్నడు. ఆ మాట తప్పని ఎట్లంటం? ఆ తండ్రికి సరైన కూలి, దగ్గు పట్టుకుంటే దవాఖాన కావాలని అడగాల్సింది మేము. అడగలే. బండను పొగిడినం, బండ కొట్టినోణ్ణి మరిచినం. 2022ల తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఎంత సంబరపడ్డనో! తాండూరు బండ పేరు కూడ ఊరూరా తెలుసు. దాన్ని లేపినోళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంల లేవు.

కార్తీక పున్నమికి అనంతగిరి జాతరకు వస్తవు కద, అట్లనే తాండూరు దాక రా. సుత్తె పట్టిన ముసలోళ్లు ఇంక ఉన్నరు. వాళ్ల పక్కన కూసొని పని ఎట్ల చేసేటోళ్లో అడుగు, ఫోన్ల రికార్డు చెయ్యి. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసిన వాళ్ల పని మాటలు రాసిపెట్టు. నిన్ను గనిల దిగుమంటలేను, నీ చదువు నువ్వు సల్లగ చదువుకో. రేపు దేవుని దయతోటి ఇల్లు కట్టుకుంటవు. వాకిట్లనన్న చేత్తోటి కొట్టిన బండ వేయించు బిడ్డా. కొట్టినోడు అడిగిన కూలి కాడ మాత్రం బేరం చెయ్యకు.

నూరేళ్లు సల్లగుండు.
మీ తాత, తాండూరు