పరాయి గరిడీలో

కరాటే నేర్చినవాడు మొదటిసారి జూడో చాప ఎక్కితే ముందుగా తెలిసొచ్చేది తన చొక్కా తనకే శత్రువని. కరాటేలో ఆ తెల్లటి బట్ట ఒళ్లు కప్పుకోవడానికే, ఆటలో దానికి పని లేదు. జూడోలో ఎదుటివాడు వంగి నమస్కారం పెట్టిన మరుక్షణమే ఒక చేత్తో కాలరు, ఇంకో చేత్తో మోచేతి దగ్గరి బట్ట పట్టేసుకుంటాడు. ఏళ్లతరబడి నేర్చుకున్న దూరాల లెక్క అక్కడితో సరి. తన్నడానికి జాగా ఉండదు, గుద్దడానికి ఊపు ఉండదు. ఆ తర్వాత కనిపించేది హాలు పైకప్పు.

నన్ను అలా పడేసినవాడు నాకంటే పొట్టి, బరువులోనూ తక్కువే. కాలేజీ కుర్రాడు. చెయ్యిచ్చి లేపి, “సార్, పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించుకోండి, తల తగలదు” అన్నాడు. జూడో వాళ్లు అందరికంటే ముందు నేర్పేది పడటమే. వెనక్కి, పక్కకు, భుజం మీదుగా దొర్లుతూ ముందుకు, చాపను అరచేత్తో చరుస్తూ రోజూ అదే పని. కొత్తవాళ్లకు విసుగు పుడుతుంది. పట్టు ఎప్పుడు నేర్పుతారని అడుగుతారు. నేను నేర్చిన విద్యలన్నిటిలోనూ బయట అక్కరకొచ్చింది మాత్రం ఆ పడటం ఒక్కటే, అదీ వానాకాలం మెట్ల మీద. ఆత్మరక్షణ అని బోర్డు కట్టుకునేవాళ్లు దీని సంగతి కాస్త ఆలోచించాలి. మనలో చాలామందికి దారికాచే దొంగకంటే తడిసిన బాత్రూమే పెద్ద గండం.

ఒక విద్య నుంచి ఇంకో విద్యకు వెళ్లి స్పారింగ్ చేసినవాళ్లకు తెలిసే విషయం ఒకటుంది. మన ఒంటికి పట్టిన అలవాట్లలో సగం మనం నేర్చినవి కావు, మన ఆట నియమాలు నేర్పినవి. బాక్సర్ గుద్దు తప్పించుకోవడానికి నడుము వంచి తల దించుతాడు. ముయ్ థాయ్ బరిలో అదే తల నేరుగా మోకాలికి ఎదురెళుతుంది. తైక్వాండో పోటీలో ముఖం మీద చేత్తో కొట్టకూడదు, కాలితో తన్నవచ్చు. అందుకని ఆ కుర్రాళ్ల చేతులు నడుము దగ్గరికి జారిపోతాయి. క్యోకుషిన్ కరాటే పోటీల్లోనూ ముఖం మీద పిడిగుద్దు నిషేధమే. దాంతో వాళ్లు ఛాతీకి ఛాతీ తగిలేంత దగ్గర నిలబడి, గ్లవ్స్ లేకుండా ఒకరి పక్కటెముకలు ఒకరు పరీక్షించుకుంటారు. ఆ గుద్దులు భరించేవాళ్లను చూస్తే భయమేస్తుంది. అంత గట్టివాళ్లు కూడా బాక్సింగ్ రింగులో ముందు చేత్తో సూటిగా కొట్టే తేలికపాటి గుద్దుకు (జాబ్) తడబడతారు.

మట్టి కుస్తీ సంగతి ఇంకా చిత్రం. అక్కడ వీపు నేలకు ఆనితే ఓటమి. కాబట్టి పైల్వాన్ పడుతూ పడుతూనే గాల్లో తిరిగి బోర్లా పడి మట్టిని కరుచుకుంటాడు. ఆ స్థితిలో అతన్ని వెల్లకిలా తిప్పడం ఎదుటివాడికి తల ప్రాణం తోకకొచ్చే పని. ఇదే పైల్వాన్ బ్రెజిలియన్ జియు జిట్సు చాప మీద బోర్లా తిరిగాడా, వీపు అప్పగించినట్టే. మీదెక్కినవాడి చెయ్యి మెడచుట్టూ బిగుసుకుంటుంది. జియు జిట్సు వాళ్లేమో వెల్లకిలా పడుకుని, ఎదుటివాడి నడుముకు కాళ్లు మెలేసి, హాయిగా పోరాడతారు. గచ్చిబౌలి వైపు జిమ్ముల్లో సాయంత్రం పూట సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నేర్చుకుంటున్నది ఈ విద్యనే. కుస్తీ చూస్తూ పెరిగిన నా కళ్లకు, కింద పడుకున్నవాడు గెలుస్తున్నాడని నమ్మడానికి చాలాకాలం పట్టింది.

ఇవన్నీ ఆయా విద్యల లోపాలని వెక్కిరించేవాళ్లు ఉన్నారు. ‘మాది అసలైన పోరాటం, మీది ఆట’ అనే తగవు చాలా పాతది. కానీ దేన్నో ఒకదాన్ని వదులుకోకుండా ఏ విద్యా రోజూ సాధన చేయదగ్గదిగా మారలేదు. దీన్ని అందరికంటే స్పష్టంగా గ్రహించినవాడు జపాన్ ఉపాధ్యాయుడు జిగొరో కానో. రెండు సంప్రదాయాల జుజుత్సు నేర్చుకుని, 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయంలో గది తీసుకుని కోడోకాన్ అనే జూడో శిక్షణశాల ప్రారంభించాడు. గుద్దులు, తన్నులు, ప్రాణాంతకమైన పట్లు అన్నిటినీ నమూనాగా చేసి చూపించే కటాలకు పరిమితం చేశాడు. మిగిలిన విసుర్లను, పట్లను మాత్రం ఎదురు తిరిగే మనిషి మీద పూర్తి బలంతో రోజూ సాధన చేయించాడు. ప్రమాదకరమైన వాటిని పక్కన పెట్టినందువల్ల అతని శిష్యులు బలహీనపడలేదు. చంపే విద్యను గాలిలో అభినయించేవాడికంటే, విసిరే విద్యను ప్రతి సాయంత్రం నిజంగా విసిరి చూసేవాడే గట్టిపడ్డాడు.

పక్కవాడి విద్య పట్ల కానోకు ఉన్న మర్యాద గురించి కూడా చెప్పుకోవాలి. ఒకినావా నుంచి గిచిన్ ఫునాకోషి అనే బడిపంతులు 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శిస్తే, కానో అతన్ని కోడోకాన్‌కు పిలిపించి మళ్లీ చేయించుకుని చూశాడు. కరాటేకు ఆ తెల్ల దుస్తులు, బెల్టుల పద్ధతి జూడో నుంచే వచ్చాయి. మన పిల్లలు ఏ నల్ల బెల్టు కోసం కలలు కంటున్నారో అది పొరుగింటి నుంచి తెచ్చుకున్నదన్నమాట. ఫునాకోషికి కటా మీదే గురి, స్వేచ్ఛగా కొట్టుకోవడం ఆయనకు నచ్చేది కాదు. యూనివర్సిటీ కుర్రాళ్లు ఆగలేదు. ఈనాటి కరాటే స్పారింగ్‌కు వాళ్ల తొందర కూడా కారణమే.

ఇదే కోడోకాన్‌లో నేర్చిన మిట్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరి అక్కడ గ్రేసీ కుటుంబపు కుర్రాడికి విద్య చెప్పాడు. ఆ కుటుంబం నేల మీది పోరాటాన్ని తమ పద్ధతిలో పెంచుకుంది. 1951లో జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురా రియో వెళ్లి, మరకానా స్టేడియంలో హీలియో గ్రేసీతో తలపడ్డాడు. చెయ్యి మెలిపెట్టి బిగించినా హీలియో ఓటమి ఒప్పుకోలేదు. అన్న కార్లోస్ తువ్వాలు విసిరి ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత గ్రేసీలు ఆ పట్టుకు కిమురా పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ప్రపంచమంతా జియు జిట్సు పిల్లలు ఆ పేరుతోనే దాన్ని నేర్చుకుంటున్నారు. తమను ఓడించిన పట్టును ఓడించినవాడి పేరుతో పాఠంలో చేర్చుకోవడం కంటే గొప్ప క్రీడాస్ఫూర్తి నాకు వేరే చోట కనబడలేదు.

వేర్వేరు విద్యలు ఎదురుపడితే ప్రేక్షకులకు ఎప్పుడూ విందే అనుకోనక్కర్లేదు. 1976 జూన్ 26న టోక్యో బుడోకాన్‌లో మహమ్మద్ అలీ, జపాన్ మల్లయోధుడు ఆంటోనియో ఇనోకి తలపడ్డారు. ఇనోకి దాదాపు 15 రౌండ్లూ వెల్లకిలా పడుకుని అలీ కాళ్లను తన్నుతూనే ఉన్నాడు. నేల మీద ఉన్నవాడిని కొట్టడం బాక్సింగ్ నేర్పదు. నిలబడి అలీకి దగ్గరగా వెళ్లడం ఇనోకికి క్షేమం కాదు. చివరికి డ్రా. జనం కోపంతో చెత్త విసిరారు, అలీ వాచిన కాళ్లతో ఆసుపత్రికి వెళ్లాడు. పదిహేడేళ్ల తర్వాత డెన్వర్‌లో వేర్వేరు విద్యలవాళ్లు తలపడిన మొదటి యూఎఫ్‌సీ పోటీల్లో ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్ ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ కింద పడేసి మీద కూర్చోగానే, ఏ పట్టూ పడకముందే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు. తెలియని చోట చిక్కుకున్నప్పుడు మనిషికి కలిగే ఆ నిస్సహాయత పరాయి చాప మీద పడ్డవాళ్లకు బాగా తెలుసు. నేనైతే నవ్వలేను.

ఆ చేత్తో తట్టడం ఉందే, దాని మీదే ఈ విద్యలన్నీ నిలబడ్డాయి. తట్టగానే అవతలివాడు వదిలేస్తాడన్న నమ్మకం లేకపోతే మెడ పట్టు సాధన చేయడం ఎవరి వల్లా కాదు. అంతకుముందు ముఖం కూడా చూడని మనిషికి మన మోచేయి, మోకాలు, గొంతు అప్పగిస్తాం. బరువైనవాడు తేలికైనవాడి మీద తన బరువు మొత్తం వెయ్యడు. ఎవరూ చెప్పరు, అలా చేస్తారంతే. బాక్సింగ్‌లో ఈ ఒప్పందం ఇంకా సున్నితం. ఒకడి గుద్దు అనుకోకుండా కాస్త గట్టిగా తగులుతుంది. బదులు ఇంకాస్త గట్టిగా వస్తుంది. రెండు నిమిషాల్లో స్పారింగ్ కాస్తా కొట్లాట అవుతుంది. ముక్కు మీద పడే మొదటి గుద్దులో నొప్పికంటే అవమానమే ఎక్కువ. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కోపం నషాళానికంటుతుంది. ఆ కోపంతో చెయ్యి విసిరినప్పుడల్లా రెండో గుద్దు కూడా మనకే తగులుతుంది. బాక్సింగ్ కోచ్ వేదాంతం మాట్లాడడు గానీ, కోపాన్ని తగ్గించే పని మాత్రం రోజూ చేస్తూనే ఉంటాడు.

మన ఊళ్లకు ఇదేమీ కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా హున్సాలో హోలీనాటి సాయంత్రం ఊరివాళ్లు రెండు జట్లుగా నిలబడి, మధ్యలో కట్టిన తాడును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పిడిగుద్దులు గుద్దుకుంటారు. కాసేపయ్యాక ఆపి కౌగిలించుకుంటారు. పోలీసులు వద్దన్నా మానలేదు. ఒడుపు, కాపుదల లేని ఆ గుద్దులాటను నేను మెచ్చుకోను. కానీ ఆ తాడును వదలకూడదన్న నియమం, చివర్లో ఆ కౌగిలింత చూస్తే, స్పారింగ్ అంటే ఏమిటో ఆ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదనిపిస్తుంది. అటువైపు పల్లెల్లో జాతర కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడియం పందెంతో ముగుస్తాయి. మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి కూడా పైల్వాన్లు వస్తారు. ఏ ఉస్తాద్ దగ్గర నేర్చావు, ఏ తాలీం నుంచి వచ్చావు అని అడగకుండా బరిలోకి దిగనిస్తారు. బాక్సింగ్‌లో 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన నిఖత్ జరీన్ ఈ నిజామాబాద్ జిల్లా అమ్మాయే. తోటి ఆడపిల్లలు లేకపోతే అబ్బాయిలతోనే స్పారింగ్ చేసి పైకొచ్చింది.

తలుపులు మూసుకోవడం తర్వాత వచ్చింది. ఎనభైల్లో బ్రూస్ లీ పోస్టర్లు, సుమన్, భానుచందర్ల సినిమాలు చూసి ఊరూరా కరాటే క్లాసులు వెలిశాయి. అది మంచికే. పొద్దున్నే స్కూలు గ్రౌండులో వరసగా నిలబడి అరిచే పిల్లల్ని చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ క్లాసు పెరిగేకొద్దీ సంఘాలు పెరిగాయి, సంఘానికో సర్టిఫికెట్, మూడు నెలలకో బెల్టు పరీక్ష, పరీక్షకో ఫీజు వచ్చాయి. వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టడం, మోటారు సైకిల్‌ను పొట్ట మీదుగా పోనివ్వడం. కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కథలు విని పెరిగినవాళ్లం గనక ఈ ప్రదర్శనలంటే మనకు మోజు. పక్క వీధి మాస్టారి దగ్గరికి పిల్లవాడు వెళితే మాత్రం గురుద్రోహం. రెండేళ్లకే నల్ల బెల్టు కట్టుకుని, తన క్లాసు వాళ్లను తప్ప ఇంకొకరిని ఎదుర్కోని పిల్లలు మన పట్టణాల్లో చాలామంది ఉన్నారు. ఇది వాళ్ల తప్పు కాదు.

మాస్టర్లకు ఒక విన్నపం. నెలకో ఆదివారం మీ శిష్యుల్ని జూడో హాలుకో, బాక్సింగ్ రింగుకో, ఊళ్లో మిగిలివున్న తాలీంకో తీసుకెళ్లండి. వాళ్లను మీ దగ్గరికి పిలవండి. ఓడిపోతే మీ క్లాసు మూతపడదు. తల్లిదండ్రులు కూడా తర్వాతి బెల్టుకు ఫీజు కట్టేముందు, మా అమ్మాయి ఎవరితో, ఏ నియమాలతో, ఎంత గట్టిగా స్పారింగ్ చేస్తోందని అడగాలి. జవాబులో తలమీద గుద్దులున్నాయంటే అక్కడే వద్దని చెప్పాలి. హెడ్‌గార్డు చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ పుర్రెలో మెదడు అదరకుండా ఆపలేదు. ఒలింపిక్స్‌లో 2016 నుంచి పురుష బాక్సర్లు దాన్ని పెట్టుకోవడం లేదు. బడి వయసు పిల్లలకు పట్లు, పడటం, దూరం నుంచి తేలికపాటి పాయింట్ల ఆట చాలు.