మెతుకు పట్టి చూచుట

అన్నముడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. కుండలోని మెతుకులన్నియు నొకే నీట, నొకే మంటపై నుడికినవి గనుక ఆ మాట చెల్లును. మంచుకొండలయందు మాత్రమీ న్యాయమును నమ్మరాదని మా యభిప్రాయము.

కొండవాలుపై మంచు కురిసినప్పుడెల్ల నొక్కొక్క పొరగా పేరుకొనును. నడుమ నెచ్చటనో పంచదారవలె పొడిపొడిగా, ఒకదానినొకటి పట్టుకొనని రవల పొర దాగియుండవచ్చును. దానిపై గాలి గట్టిపరచిన మంచుపలక కూర్చుండును. అట్టిచో నొక్క మనుష్యుని బరువు చాలును. క్రింది పొర విరిగి, ఆ పగులు క్షణములో వాలంతయు ప్రాకి, పలక యొక్కుమ్మడిగా జారును. 30 మొదలు 45 డిగ్రీల వాలులయందిది మెండు.

ఈ పొరను కనిపెట్టుటకు గొయ్యి త్రవ్వుదురు. 30 సెంటిమీటర్ల చదరపు మంచుస్తంభమును కోసి వేరుచేసి, పైని పారరేకునుంచి, మణికట్టునుండి 10, మోచేతినుండి 10, భుజమునుండి 10 దెబ్బలు వరుసగా కొట్టుదురు. ఎన్నవ దెబ్బకు పొర విరిగెనో వ్రాసికొందురు. అయితే విరుగుట వేరు, పగులు ప్రాకుట వేరు. అందుచేత 2006లో వెల్లడియైన పద్ధతిని బట్టి 90 సెంటిమీటర్ల వెడల్పుగల దిమ్మను కోసి, ఒక కొననే కొట్టి, పగులు రెండవ కొనకు చేరునా యని చూతురు. మా దృష్టిలో నిదియే మేలు.

చేరినచో వెనుకకు మరలవలసినదే. చేరకున్న? ఇక్కడనే మనుష్యులు మోసపోవుదురు. గొయ్యి తన చోటి మాటనే చెప్పును. కొన్ని గజముల యవతల గాలి వేరు, ఎండ వేరు, పొరయు వేరు కావచ్చును. పైగా మిక్కిలి యపాయకరమైన చోట త్రవ్వువాడే యపాయమున పడును గనుక, పరీక్ష ప్రక్కనున్న చిన్న వాలునందే జరుగును. కావున పరీక్ష 'వద్దు' అన్నప్పుడు పూర్తిగా వినవలెను. 'సరే' అన్నప్పుడు సగమే వినవలెను. ప్రక్కవాలున చరియ జారినను, కాలిక్రింద మంచు గుబుక్కుమని క్రుంగినను, గొయ్యి యెంత తీయగా పలికినను పోరాదు.

మంచెరుగని మన జిల్లాలకిది యేల యని కొందరడుగుదురు. 2016 ఫిబ్రవరి 3న సియాచెనునందు మంచుక్రింద చిక్కి, మరణించిన పదుగురు సైనికులలో నొకడు కర్నూలు జిల్లావాడు. నాటి యుత్పాతము గొయ్యి త్రవ్వి కనిపెట్టదగినదని చెప్పజాలము. అయినను మన పిల్లలు సైన్యమునకును, విహారమునకును ఆ కొండలకు పోవుచునే యున్నారు. 1969లో మనాలిలో నెలకొనిన హిమపరిశోధనాసంస్థ 2020లో మరియొక రక్షణసంస్థతో కలిసినది. ఆ నూతన సంస్థ మంచుచరియలను గూర్చి హెచ్చరికలు వెలువరించుచున్నది. బయలుదేరు పిల్లవానిని, 'నేటి హెచ్చరిక చదివితివా?' యని తల్లిదండ్రులడుగుట యధికప్రసంగము కాదు.