నకలు నాణెముల నాణ్యము

చారిత్రకమైన నాణెమునకు నకలు చేయుట నేరమా? కాదు. ఆ నకలును సేకరించుట తప్పా? అదియు కాదు. నకలును నకలని చెప్పి అమ్మినవాడు వర్తకుడు. అసలని చెప్పి అమ్మినవాడు వంచకుడు. పసిపిల్లవానికైనను బోధపడు భేదమిది. ఐనను యాత్రాస్థలముల అంగళ్లలోను, కోటల ముంగిళ్లలోను, నేడు చేతిలోని ఫోనుద్వారా సాగు బేరములలోను ఈ భేదమే చెరిగిపోవుచున్నది. జహంగీరు రాశిచక్రపు మొహరులు, శివాజీ హొన్నులు, కృష్ణరాయల వరహాలు - వీనిని ఇత్తడితోనో రాగితోనో పోసి, పైన పూత పూసి, ‘మా తాతలనాటివి’ అను ఒక్క మాటను జోడించి అమ్మువారు కలరు. చరిత్రపై మక్కువగల ఉపాధ్యాయులు, విద్యార్థులే ఇట్టివారికి సులభముగా చిక్కుదురు. కావున ఇది బజారు విషయమే కాక బడి విషయము కూడ.

తెలుగున నాణెమునకును నాణ్యమునకును దగ్గరి చుట్టరికము కలదు. సంస్కృతమున ‘నాణకము’ అనగా ముద్రవేసిన ద్రవ్యము. మనవారు ఆ మాటనుండి ఒకవైపు డబ్బునకు పేరు తెచ్చుకొనిరి. మరియొకవైపు మేలిమికి పేరు తెచ్చుకొనిరి. నాణ్యమైన బియ్యము, నాణ్యమైన నూలు అన్నప్పుడెల్ల టంకసాల ముద్రపై పూర్వులుంచిన నమ్మకమే పలుకుచున్నది. ఇంత తూకము, ఇంత వన్నె అని రాజ్యము ప్రజకిచ్చిన మాటయే నాణెము. అందుచేతనే అర్థశాస్త్రము దొంగనాణెములు చేయువానిని ‘కూటరూపకారకుడు’ అని నేరస్థులలో చేర్చినది. నాణెములను పరీక్షించుటకు ‘రూపదర్శకుడు’ అను అధికారిని నియమించినది.

పాతనాణెములకు నకళ్లు చేయు కళ పాశ్చాత్యదేశములలో అయిదువందల ఏండ్లనాటిది. ఇటలీలోని పాడువా నగరమున జొవాన్ని కావీనో (1500–1570) అను శిల్పి రోమను చక్రవర్తుల కంచునాణెముల రీతిలో పతకములు ముద్రించెను. అవి అంత చక్కనివగుటచే తరువాతివారు వానిని అసలువానిలో కలిపి అమ్ముకొనిరి. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772–1830) మోసమునకే పూనుకొనెను. గ్రీకు, రోమను నాణెములకు అచ్చులు తానే చెక్కి, కొట్టిన నాణెముల కొత్తదనము పోవుటకై ఇనుపరజను నింపిన పెట్టెలో వేసి బండిపై త్రిప్పెడివాడని ప్రసిద్ధి. 19వ శతాబ్దిలో బ్రిటిష్ మ్యూజియమునకు పనిచేసిన రాబర్ట్ రెడీ విద్యుత్తు సాయమున రాగిపొర పేర్చి, అచ్చటి నాణెములకు ప్రతులు చేసెను. అవి చూపునకు అసలువానికి తీసిపోవు. కాని వానిలో అనేకముల అంచుపై తన పేరి పొడియక్షరములు రెండు వేసెను. ముగ్గురును నేర్పరులే. మొదటివాని నేర్పు పరుల దురాశకు పనిముట్టయ్యెను. రెండవవాని నేర్పు దొంగతనమయ్యెను. మూడవవాని నేర్పు విద్యాదానమయ్యెను. అంచుమీది రెండక్షరముల మహిమ అది.

ఈ భేదమును తెలుగువారు మరింత శ్రద్ధతో పాటింపవలసియున్నది. శాతవాహనుల కథలో పురాణముల వంశావళులు, కొన్ని శాసనములు పోగా మిగిలిన గట్టి సాక్ష్యము చాలవరకు నాణెములదే. 1906లో నాసికు సమీపమున జోగళ్‌తంబిలో 13,250 వెండినాణెముల నిక్షేపము బయటపడెను. అవి క్షహరాతుడైన నహపానుని పేర వెలసినవి. వానిలో తొమ్మిదివేలకు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. ఓడినరాజు ముఖముపై గెలిచినరాజు గుర్తు! శాసనము చాటిన విజయమునకు వెండి సాక్ష్యము పలికినది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరకిన నాణెములపై ‘చిముక’ అను పేరును చదివి, పురాణములు తొలిరాజుగా చెప్పిన సిముకుడితడేయని పలువురు పండితులు గుర్తించిరి. అరచేతిలో ఇముడు లోహపుబిళ్ల ఒక వంశము పుట్టుకను తేల్చు బరువును మోయుచున్నది.

ఇట్టి సాక్షులనడుమ ఒక కూటసాక్షి చేరినచో ఏమగును? రోమను చరిత్రలో స్పాన్సియను కథ చూడుడు. 1713లో ట్రాన్సిల్వేనియాలో దొరకినవని చెప్పబడిన బంగారునాణెములపై తప్ప చక్రవర్తిగా ఆ పేరు మరియెచ్చటను లేదు. 19వ శతాబ్ది పండితులు వానిని కృత్రిమములని త్రోసివేసిరి. 2022లో పరిశోధకులు కొందరు గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియమున ఉన్న నాణెమును యంత్రములతో పరీక్షించి అసలైనదేయని ప్రకటించిరి. నాణెశాస్త్రజ్ఞులు పలువురు అంగీకరింపలేదు. ఒకడు చక్రవర్తిగా బ్రతికెనా లేదా అను ప్రశ్న మూడువందల యేండ్ల తరువాత గూడ ఒక బిళ్ల నిజాయితీపై ఆధారపడియున్నది. గుర్తులేని నకలు నేడు చేయు మోసము కొన్నవాని జేబుతో తీరదు. రేపటి చరిత్రకారుని బుద్ధిని గూడ అది దోచుకొనును.

మన బజారులలోని మోసము ఇంతకంటె మోటైనది. శ్రీరామ పట్టాభిషేకమును ముద్రించిన రామటంకలు పూజకై ఏర్పడినవి. వానికి గౌరవనీయమైన చరిత్ర కలదు. కాని ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 సంవత్సరమును, ఆంజనేయుని రూపమును ఒక్కచోట చేర్చి పోసిన రాగిబిళ్లలు కంపెనీ చెలామణి చేసిన నాణెములు కావు. ఇట్టి బిళ్లలకు బియ్యపుగింజలను లాగుకొను శక్తి కలదని నమ్మించి లక్షలు గుంజిన మోసములు దక్షిణదేశమున పలుమార్లు పోలీసులయెదుటికి వచ్చినవి. దేవుని బొమ్మపై భక్తి, పాతవస్తువుపై ఆశ - రెండును కలిసినచోట వివేకము నిలుచుట కష్టము.

అనుకరణములన్నియు ఒక్కతీరువని అనుకొనరాదు. పూర్వము రోమునుండి వచ్చిన నాణెములను చూచి దక్షిణదేశపు పనివారు అట్టివానిని ఇచ్చటనే ముద్రించిరి. లాటిను లిపి ఎరుగని చేతులగుటచే అక్షరములు వట్టి గీతలైనవి. అవి నాటి వర్తకమునకు సాక్ష్యములు. కాలము వానిని అసలైన పురావస్తువులను గావించినది. నిన్న పోసి నేడు మట్టిపూసిన బిళ్లకు ఆ గౌరవము చెల్లదు.

అమెరికా దేశము 1973లోనే ఇందుకొక చట్టము చేసెను. నాణెపు నకలుపై ‘కాపీ’ అను మాటను చెరుగనిరీతిని లోతుగా ముద్రింపవలెనని శాసించెను. 2014లో దానిని సవరించి, చేయువారినే కాక అమ్మువారిని గూడ బాధ్యులను గావించెను. మన దేశమున 1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు నిండిన నాణెమును పురావస్తువుగా ఎంచి, ప్రైవేటువారు విదేశములకు తరలించుటను నిషేధించినది. 1878 నాటి నిక్షేపముల చట్టము నేలలో దొరకిన నిధిని గూర్చి కలెక్టరునకు తెలుపవలెనని చెప్పుచున్నది. అసలును కాపాడుటకు ఇన్ని కట్టుబాట్లున్నప్పుడు, నకలు తన పేరు తాను చెప్పుకొనవలెనను కట్టుబాటు కూడ అంత స్పష్టముగా ఉండుట న్యాయము. లేనిచో వంచకునికి రెండు నాలుకలు దొరకును: కొనువానితో అసలనును, అధికారితో నకలనును.

నిజాయితీగల నకలు వలన బడికి కలుగు మేలు తక్కువది కాదు. ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథునికి జరిగిన కనకాభిషేకమును పాఠముగా చెప్పునప్పుడు, ఆనాటి విజయనగర నాణెము ఎంత ఉండునని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చూపగలడు? వరహా బరువు సుమారు 3.4 గ్రాములు; పరిమాణము వ్రేలిగోరంత. ఒకవైపు ఉమామహేశ్వరులు, మరియొకవైపు నాగరిలిపిలో రాజు పేరు గల నకలునొకదానిని చేతిలో పెట్టినచో, పద్యములోని రాశి ఎన్ని బిళ్లల రాశియో పిల్లవానికి తోచును. అదే బిళ్ల పక్కగదిలో విజ్ఞానశాస్త్ర పాఠమునకును పనికివచ్చును. బంగారము సాంద్రత 19.3, ఇత్తడిది సుమారు 8.5. ఒకే పరిమాణముగల రెండు బిళ్లలలో పూత పూసిన ఇత్తడి సగము బరువైనను తూగదు. అంచుచుట్టు సన్నని అతుకుగీత, ముఖముపై పోతపని మిగిల్చిన సూదిబెజ్జములు, అరిగిన అక్షరములనడుమ అరుగని మెరుపు - ఇట్టివానిని గమనింప నేర్చిన బాలుడు నాణెములనే కాదు, మాటలను గూడ ఒరగల్లుపై గీసి చూచును.

కావలసిన పనులు మూడు. పెద్ద మ్యూజియములు తమ నాణెములకు గుర్తుతోకూడిన చవుక నకళ్లు చేయించి పాఠశాలలకు అందింపవలెను. పాఠశాలలు పురావస్తువుల బేరములకు దూరముగా నుండి, ఆ నకళ్లతోనే తమ పెట్టెలు నింపుకొనవలెను. పొలములోనో పునాదిలోనో పాతనాణెము దొరకినచో, చింతపండుతో తోమక, దొరకినచోటు వివరముగా వ్రాసుకొని, అధికారులకు తెలుపవలెనని పిల్లలకు నేర్పవలెను. తోమిన నాణెము మెరయును గాని, చోటు మరచిన నాణెము మూగపోవును.

చెల్లుబడి లేకున్నను నకలు నాణెమునకు నాణ్యము ఉండవచ్చును. తాను నకలునని ఒప్పుకొనుటయే దాని నాణ్యము. ఆ ఒక్క మాటను ముఖముపై ధరించినచో ఇత్తడిబిళ్లయు గురువగును. దానిని దాచుకొన్నచో బంగారుబిళ్లయు కూటసాక్షి యగును.